ఇంటర్నెట్‌లో మన వంతు

ఇంట్లో నెట్ ఉందా అని అడిగితే ఉందనే చెబుతాం. ఎవరికి ఉంది అని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. రేషన్ కార్డుకిలాగే ఇంటర్నెట్ కనెక్షన్‌కి కూడా ఇల్లే లెక్క, మనిషి కాదు. లెక్కని ఇంటి మీంచి మనిషి మీదికి మార్చి అడిగినప్పుడు ఏం తేలిందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్ళు నూటికి 48.8 మంది, ఆడవాళ్ళు 21 మంది. మిగిలిన 79 మంది గురించి మనం మాట్లాడుతూనే ఉన్నాం, మాట్లాడాలి కూడా. నేనిక్కడ ఆ 21 మందిలోకి ఎలాగో చేరిన ఆడవాళ్ళ గురించి రాస్తున్నాను. లోపలికి వచ్చాక వాళ్ళ వంతు వాళ్ళకి వస్తోందా?

నాకీ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, మా తోడికోడలి వల్ల వచ్చింది. మాది కూచిపూడి. నేను విజయవాడలో ఒక మహిళా కళాశాలలో ఎకనమిక్స్ చెప్పి రిటైరై ఊరికి వచ్చేశాను. తను ఈ ఊళ్ళోనే నాట్యం నేర్చుకుంది, ఇప్పుడు నేర్పుతోంది. పొద్దున్న ఐదున్నరకి న్యూజెర్సీ పిల్లలు, అక్కడ రాత్రి ఎనిమిదవుతుంది. సాయంత్రం ఐదింటికి సింగపూర్ పిల్లలు, వాళ్ళకప్పుడు ఏడున్నర. వెనక వసారాలో గోడకి ఫోను ఆనించి, ఎదురుగా తట్టుకర్ర పెట్టుకుని కూర్చుంటుంది. ఆ ఫీజులతోనే ఇంట్లో సగం ఖర్చులు గడుస్తున్నాయి. అయినా "ఆవిడ క్లాసులు" అనేమాట ఇంట్లో కాస్త తేలిగ్గానే పలుకుతుంది. మా మరిది షాపుని ఎవరూ "ఆయన షాపులు" అనరు కదా.

ఈ ఊరి పేరు పెట్టుకున్న నాట్యాన్ని ఈ ఊరి ఆడవాళ్ళు చాలాకాలం వేదిక మీద ఆడలేదు. భాగవతుల ఇళ్ళలోని మగవాళ్ళే సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. పక్కనే మొవ్వ క్షేత్రయ్య ఊరు. ఆ పదాలకి అభినయం పట్టి వాటిని బతికించిన కళావంతుల స్త్రీల ఆటని 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత సమాజం వెలివేసింది. ఆ ఆటలోంచి ఎంత ఎవరి ఖాతాలోకి చేరిందన్నది ఇంకా తేలని లెక్కే. హర్షిత కామత్ 2019లో వేసిన పుస్తకం ఇక్కడి స్త్రీవేషం వెనక ఉన్న బ్రాహ్మణ పురుషత్వాన్ని తరచి చూసింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకి నేర్పడం, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టడం, ఆ తర్వాత ఎన్నో తరాల అమ్మాయిలు గజ్జె కట్టడం - ఇంత నడిచాక మా తోడికోడలు ఇవాళ గురువు స్థానంలో కూర్చుంది. అలా కూర్చున్నదాని తాళం నెట్ దగ్గర జారిపోతోంది.

"తాళం జారిపోతోందక్కా. నేను తకధిమి అంటే పిల్లలు ఒకరోజు వెంటనే వేస్తున్నారు, ఒకరోజు బారెడు ఆగి వేస్తున్నారు. వాళ్ళు తప్పుతున్నారో, నెట్ తప్పిస్తోందో తెలియడం లేదు" అంది. గురువుకి ఇంతకన్నా కష్టం ఏముంటుంది? పిల్ల అడుగు తప్పింది అనాలంటే ధైర్యం చాలడం లేదు. అప్పటికే ఇద్దరు తల్లులు మర్యాదగా మానిపించేశారు.

దీన్ని కాస్త లెక్కగా చూద్దాం. ఆదితాళంలో ఒక దెబ్బకి ఒక సెకను అనుకుంటే, తకధిమిలో ఒక్కో అక్షరానికి 250 మిల్లీసెకన్లు. రెండో కాలంలో అది 125. ఇక్కడినుంచి న్యూజెర్సీ పదమూడు వేల కిలోమీటర్లకి అటూఇటూ. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తీగ తిన్నగా వేసి ఉన్నా పోవడానికి 65 మిల్లీసెకన్లు, వచ్చి చేరడానికి ఇంకో 65. సముద్రాల కింద చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. దీన్ని ఎవరూ తగ్గించలేరు. కానీ ఆలస్యం స్థిరంగా ఉంటే గురువు సర్దుకుంటుంది. తను పలికి, ఆగి, వాళ్ళది చూస్తుంది. ఆలస్యమే తాళం తప్పితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. టెలిఫోను మాటలకి ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం ఏనాడో చెప్పింది. మా ఇంట్లో కొన్ని పొద్దున్నలు అది సెకను దాకా పోయేది.

"ప్లాన్ పెంచుదాం వదినా" అన్నాడు మా మరిది. అందరూ అనే మాటే. మా ఊరికి తీగలు రాకపోలేదు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించిన నాటికే ఈ రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు వేలాడుతోంది. మా ఇంటికి ఒక కేబుల్ కుర్రాడు ఇచ్చిన కనెక్షన్ 40 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 అప్‌లోడ్. ఒక వీడియో కాల్‌కి రెండు మూడు చాలు. మరి ఎక్కడ ఆగుతోంది?

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. కాలువ ఎంత వెడల్పన్నది ఒక సంగతి. తూము దగ్గర ఎవరు ఎంతసేపు ఆగారన్నది ఇంకో సంగతి. ప్లాన్ పేరుతో మనకి అమ్మేది వెడల్పు. మా తోడికోడలికి కావలసింది ఆగకుండా పోవడం. ఇంటి నుంచి బయటికి పోయే దారి సన్నం. దాని ముందు మోడెములో ఒక చెరువులాంటి జాగా ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టగానే ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడతాయి. షాపు కెమెరా రాత్రంతా రికార్డు చేసింది పైకి పంపుతూ ఉంటుంది. ఇవన్నీ ఆ చెరువుని నింపుతాయి. తర్వాత వచ్చిన తకధిమి వరుస చివర నిలబడాలి. లెక్క చూడండి: చెరువులో ఒక మెగాబైటు నిండితే ఎనభై లక్షల బిట్లు. సెకనుకి కోటి బిట్ల దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకను. మూడు అక్షరాలకి పైనే జారిపోయాయి. దారి వెడల్పు చేస్తే కొంత తగ్గుతుంది, పోదు. ఎందుకంటే ఇంటర్నెట్‌లో పెద్ద ఫైళ్ళు పంపే పద్ధతి ఎక్కువగా చెరువు పొర్లేదాకా నింపి, పొర్లాకే వెనక్కి తగ్గేది. మెమరీ చవకయ్యేకొద్దీ కంపెనీలు చెరువుల్ని పెద్దవి చేశాయి. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి అందరి దృష్టికీ తెచ్చాడు.

ఈ విషయం చదువుతుంటే నాకు ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు తగిలాయి. ఒకరు శాలీ ఫ్లాయిడ్. 1993లోనే వాన్ జేకబ్సన్‌తో కలిసి, చెరువు నిండకముందే ముందస్తుగా కొన్ని ప్యాకెట్లని వదిలేసి పంపేవాళ్ళని హెచ్చరించే పద్ధతి రాసింది. ఆవిడ 2019లో చనిపోయింది. ఆ పద్ధతిని సరిగ్గా అమర్చడం కష్టం కావడంతో చాలాచోట్ల వాడలేదు. రెండోవారు కేథలీన్ నికోల్స్. 2012లో జేకబ్సన్‌తోనే కలిసి కోడెల్ అనే పద్ధతి ఇచ్చింది. అందులో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న మార్పు. వరుస ఎంత పొడుగుందని కాదు, లోపలున్నవాళ్ళు ఎంతసేపు నిలబడ్డారని చూస్తుంది. కనీస నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైనే ఉండిపోయి 100 మిల్లీసెకన్లు గడిస్తే ప్యాకెట్లు వదలడం మొదలుపెడుతుంది. ఆడవాళ్ళ పనిని గంటల్లో లెక్కపెట్టడం మొదలయ్యాకనే కదా మనకి కూడా చాలా విషయాలు కనబడ్డాయి. 2024 సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 పెడుతున్నారని తేలింది. ఏం కొలుస్తున్నామన్న దాన్నిబట్టే ఏం కనబడుతుందన్నది ఉంటుంది.

ఇక మా ఇంటి పాత రౌటర్ సంగతి. దాని పాస్‌వర్డ్ మా మరిది కొడుక్కి మాత్రమే తెలుసు. తెరిపించి చూస్తే ప్రాధాన్యాల పేజీ ఒకటుంది. మొదట వాడి గేమ్ ఆడే కంప్యూటరు, తర్వాత హాల్లో టీవీ. వాళ్ళమ్మ ఫోను ఆ పట్టికలోనే లేదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడు తన అవసరం రాసుకున్నాడు, ఇంట్లో అందరి అవసరంగా కనిపించేది రెండోది రాశాడు. "అమ్మని ఫస్ట్ పెట్టేస్తాలే పెద్దమ్మా" అన్నాడు వెంటనే, మంచిపిల్లవాడు. కానీ అది నాకు నచ్చలేదు. వాడు పెడితే ముందుకి వచ్చి, తీస్తే వెనక్కి పోయేదాన్ని హక్కు అనలేం. పైగా అసలు వరుస పేరుకునేది కేబుల్ వాళ్ళ డబ్బాలో అయినప్పుడు, వెనక ఉన్న రౌటర్‌లో పట్టిక ఎలా మార్చినా పెద్ద ప్రయోజనం లేదు.

కావలసింది ఎవరినీ ముందు పెట్టకుండానే ఎవరినీ ఆపని పద్ధతి. అది ఉంది. దాన్ని ఎఫ్‌క్యూ-కోడెల్ అంటారు. 2018లో ఇంటర్నెట్ ప్రమాణపత్రాల్లో కూడా ప్రచురించారు. ఒకే వరుస బదులు ఒక్కో ప్రవాహానికీ విడి వరుస పెట్టి, వంతులవారీగా ఒక్కోదాన్నుంచీ కాస్త కాస్త వదులుతుంది. కొంచెమే అడిగేవాళ్ళు తమ వంతులోనే తేలిపోతారు. కుప్పలుగా పంపేవాళ్ళు తమ వరుసలో తామే ఆగుతారు. ఇది నడవాలంటే ఇంకో షరతు: వరుస కేబుల్ వాళ్ళ డబ్బాలో కాకుండా మన రౌటర్‌లోనే ఏర్పడాలి. అందుకని మన రౌటర్‌ని దారి వేగం కన్నా కాస్త తక్కువకి, నూటికి 85 నుంచి 95 వంతుల దాకా, కట్టడి చేయాలి. మా 10కి 9, 40కి 36 అన్నమాట. వెడల్పులో కాస్త వదులుకుంటే తూము మన చేతికొస్తుంది. ఈ మొత్తం ఏర్పాటుని రౌటర్లలో ఎస్‌క్యూఎమ్ అంటారు.

రౌటర్ కోసం విజయవాడ గవర్నరుపేటలో ఒక షాపుకి ఇద్దరం వెళ్ళాం. ఎస్‌క్యూఎమ్ ఉన్నది కావాలంటే ఆ అబ్బాయి ఆరు యాంటెన్నాల గేమింగ్ రౌటర్ తీసి చూపించాడు. మళ్ళీ అడిగితే "సార్‌ని తీసుకురండి మేడమ్, ఆయనకి చెప్తాను" అన్నాడు. మా తోడికోడలు నవ్వి, "సార్ నాట్యం చెప్పరు బాబూ" అంది. అక్కడ కొనలేదు. ఆ వారం కూర్చుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

డబ్బా మీద వేసే పెద్ద అంకెలు, మూడు వేలు, ఐదు వేలు, రౌటర్‌కీ ఫోనుకీ మధ్య గాలిలో పోయే వేగానివి. ఇంటి బయట వరుస గురించి అవేమీ చెప్పవు. యాంటెన్నాల సంఖ్యా అంతే. చూడాల్సినవి మూడు. మొదటిది, ఎస్‌క్యూఎమ్, ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ - ఈ పేర్లలో ఏదైనా దాని సెట్టింగుల్లో ఉందా. మైక్రోటిక్ వాళ్ళ రౌటర్‌ఓఎస్ ఏడో వెర్షన్లో ఇవి ఉన్నాయి, కానీ కొత్తవాళ్ళకి ఆ మెనూలు కాస్త చిక్కు. జీఎల్-ఐనెట్ రౌటర్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆధారంగా వస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ సమూహమే 2024లో సొంతంగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్ తెచ్చింది. రెండోది, వేరే కంపెనీ రౌటర్ కొని అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోవాలనుకుంటే, మోడల్ పేరుతోపాటు అడుగున స్టిక్కరు మీద వెర్షన్ అంకె కూడా వాళ్ళ పట్టికలో సరిచూడాలి. అదే పేరుతో లోపల చిప్పు మార్చేస్తారు. మూడోది, ప్రాసెసర్. ఈ వంతుల లెక్కంతా ప్రాసెసరే చేయాలి. పాత చిన్న రౌటర్లు వంద ఎంబీపీఎస్ దగ్గరకి వచ్చేసరికే అలసిపోతాయి. మాలాంటి 40 ప్లాన్‌కి మామూలుది చాలు. 300, 500 తీసుకున్నవాళ్ళు బలమైనది చూసుకోవాలి. కేబుల్ వాళ్ళ డబ్బా తీసేయక్కర్లేదు. దాన్ని వీలైతే బ్రిడ్జి మోడ్‌లో పెట్టమని అడిగి, వెనక మనది తగిలించుకోవచ్చు. దాని వైఫై మాత్రం ఆపేయాలి, లేకపోతే కొన్ని ఫోన్లు మన తూము తప్పించుకుని పోతాయి.

కొనేముందు కొలవడం ముఖ్యం. ఇంట్లో ఏమీ నడవనప్పుడు పింగ్ ఎంతుందో చూడాలి. తర్వాత ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి మళ్ళీ చూడాలి. మాకు మొదటిది 20 మిల్లీసెకన్ల దగ్గర ఉండేది, రెండోది 900 దాటింది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే కొత్త రౌటర్ అక్కర్లేదు, జబ్బు ఇంకెక్కడో ఉందని. మేం సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తెప్పించుకుని, ఎస్‌క్యూఎమ్ పెట్టాక, అదే అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ 35 దగ్గర నిలబడింది. కొడుకు గేమ్ కూడా బాగుపడింది. ఎవరి వంతూ లాక్కోకుండా ఇద్దరికీ బాగుపడటం వాడికి ఆశ్చర్యంగానే ఉంది.

ఇంకో పని కూడా చేశాం. ఏ ఇంట్లోనైనా రౌటర్ ముందు హాల్లో, టీవీ పక్కన ఉంటుంది. మగవాళ్ళు కూర్చునేచోటే సిగ్నల్ బాగుంటుంది. వెనక వసారాకి మధ్యలో మూడు గోడలు. వైఫై గోడల దగ్గర ఆగితే రౌటర్ ఎంత మంచిదైనా ఆ ఆలస్యం అలాగే ఉంటుంది. ఒక లాన్ వైరు లాగించి, ఫోను బదులు పాత లాప్‌టాప్‌కి తగిలించాం. కరెంటు పోయినా క్లాసు ఆగకుండా రౌటర్‌కీ కేబుల్ డబ్బాకీ చిన్న యూపీఎస్ పెట్టాం. వైరు ఖర్చు రౌటర్ ధర ముందు లెక్కలోకి రాదు, కానీ అడిగేదాకా ఎవరికీ తట్టలేదు.

ఎకనమిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఒక పోలిక తప్పడం లేదు. గ్యారీ బెకర్ 1981లో కుటుంబం మీద రాసిన పెద్ద పుస్తకంలో ఇంటికి ఒక ఉదార హృదయుడైన పెద్ద ఉంటాడు, ఆయన అందరి మేలూ చూస్తాడు, కాబట్టి ఇంటిని ఒకే యూనిట్‌గా లెక్కించవచ్చన్న ఆలోచన ఉంది. ఏళ్ళతరబడి మేమూ అదే పాఠం చెప్పాం, సిలబస్ అది. బీనా అగర్వాల్ వంటివాళ్ళు ఆ ఇంటి తలుపు తీసి, లోపల బేరసారాలుంటాయనీ, ఎవరికి ఆస్తి ఉంది, బయటికి పోగలిగే దారి ఉంది అన్నదాన్నిబట్టి ఎవరి మాట చెల్లుతుందనీ చూపించారు. 1994లో వచ్చిన ఆవిడ పుస్తకం పొలం గురించి. కనెక్షన్ ఇచ్చేవాడికి కూడా బెకర్‌కిలాగే మనది ఒకే ఇల్లు, ఒకే దారి. లోపల ఎవరు ఎవరి వెనక నిలబడ్డారో ఆయనకి అక్కర్లేదు. రౌటర్ దగ్గరే ఆ సంగతి తేలాలి.

సమానత్వం ఏ లెక్కన అన్నది అక్కడా తప్పదు. ఎఫ్‌క్యూ-కోడెల్ ప్రవాహాలని సమానంగా చూస్తుంది, మనుషుల్ని కాదు. ఒకే కంప్యూటరు ముప్పై డౌన్‌లోడ్లు తెరిస్తే ముప్పై వంతులు అడుగుతుంది, మా తోడికోడలి క్లాసుకి ఒక్క వంతే. ఎక్కువ చేతులు చాచినవాడికి ఎక్కువ. దీన్ని గుర్తించి తర్వాత వచ్చిన కేక్ అనే పద్ధతి ముందు ఇంట్లోని పరికరాల మధ్య పంచి, ఆపైన ఒక్కో పరికరంలోని ప్రవాహాల మధ్య పంచుతుంది. అందుకే మేం కేక్ పెట్టాం. అయితే పరికరమూ మనిషి కాదు. ఒక్కో మగవాడికి ఫోను, లాప్‌టాప్, టీవీ ఉండి, తల్లీకూతుళ్ళు ముగ్గురూ ఒక ఫోను పంచుకునే ఇంట్లో కేక్ పంచేది కూడా అన్యాయంగానే పంచుతుంది. మా శివారు పొలాల వాళ్ళకి ఇది తెలుసు. లస్కరు తూము సరిగ్గానే తిప్పుతాడు, కానీ వంతు ఎకరాల లెక్కన. ఎకరాలు లేనివాళ్ళ మాట ఆ లెక్కలోకి రాదు.

కొత్త రౌటర్ పెట్టిన రోజు పాస్‌వర్డ్ ఎవరు పెట్టాలని చిన్న తగువు వచ్చింది. మా మరిది తనకి చెప్పి పెట్టమన్నాడు. "క్లాసులకని కొన్నదండీ, నేనే పెట్టుకుంటాను" అంది మా తోడికోడలు, కాస్త మెల్లగానే. కాగితం మీద రాసి తన గజ్జెల పెట్టెలో పెట్టుకుంది. మానిపించేసిన ఇద్దరు తల్లుల్లో ఒకావిడ పిల్లని మళ్ళీ పంపుతోంది. ఇంకొకావిడ వేరేచోట చేర్చేసింది. పోయిన నమ్మకాన్ని రౌటర్ తేలేదు.

మా వీధిలో ఇప్పుడు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఇలాగే చెబుతున్నారు, ఒకామె సంగీతం, ఇద్దరు నాట్యం. వాళ్ళు వచ్చి అడిగితే ముందు పింగ్ ఎలా కొలవాలో చూపిస్తున్నాను. సగంమందికి మార్చాల్సింది రౌటర్ కాదు, అది ఉన్న చోటు. ఐదున్నర క్లాసు కోసం నాలుగున్నరకే లేచి పాలు, కాఫీలు, టిఫిన్ల పిండి ముగించుకుని వసారాలోకి వచ్చే గంట ఒకటుంది కదా, దాన్ని తగ్గించే డబ్బా మాత్రం గవర్నరుపేటలో ఏ షాపులోనూ లేదు. దాని గురించి మాట్లాడుకోవడానికే ఆ ముగ్గురూ మేమిద్దరం ఆదివారం మధ్యాహ్నాలు కూర్చోవడం మొదలుపెట్టాం.